ఆయిల్ పెయింటింగ్ ఫిల్టర్ వేస్తే ఓనర్ ఆంటీ కళ్ళు మాయమైపోతున్నాయి, ఏం చేయాలి?

పార్శిగుట్ట పిన్ని:

అందరికీ నమస్తే. నేను ఇంట్లో బ్లౌజులు కుట్టుకునేదాన్ని, ఫోటోల సంగతి పెద్దగా తెలీదు. మా అబ్బాయి హాస్టల్‌కి పోతూ తన పాత ల్యాప్‌టాప్ నాకు వదిలేశాడు. 4 జీబీ ర్యామ్, దాని ఫ్యాను చప్పుడు నా కుట్టుమిషన్‌ని మించిపోయింది. అందులో జింప్ 2.10 అని ఫోటోలు దిద్దుకునే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. నా బాధంతా దాంతోనే.

సికింద్రాబాద్ పార్శిగుట్టలో ఒక గూనపెంకుల ఇంట్లో, వెనక పోర్షన్‌లో మేం 11 ఏళ్ళు అద్దెకున్నాం. రెండేళ్ళ కింద ఆ ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చారు. కూలగొట్టే ముందు రోజు ఓనర్ ఆంటీ అరుగు మీద కూర్చుని స్టీలు గ్లాసులో చాయ్ తాగుతుంటే ఫోన్లో ఒక ఫోటో తీశాను. మిట్టమధ్యాహ్నం ఎండ. పెంకులు, పారిజాతం చెట్టు, నల్లా, నల్లాకి చుట్టిన పచ్చ పైపు, గోడ మీద కిటికీ దాకా పాకిన పగులు, అన్నీ పడ్డాయి. ఇప్పుడక్కడ ఐదంతస్తులు లేచాయి. ఈ శ్రావణంలో మూడో అంతస్తులో ఆంటీ గృహప్రవేశం. స్టీలు డబ్బాలు ఇస్తే అటక మీదకి పోతాయి. అందుకని ఈ ఫోటోనే చేత్తో వేసిన బొమ్మలా చేసి, ఫ్రేము కట్టించి ఇద్దామని నా ఆశ.

ఫిల్టర్స్‌లో ఆర్టిస్టిక్ అని ఉంది కదా, అందులో ఒక్కోటీ నొక్కి చూశాను. క్యూబిజం నొక్కితే ఆంటీ చీర చింపి పోసిన కాగితాల్లా అయింది. ఫోటోకాపీ అంటే నిజంగానే జిరాక్సు. కార్టూన్ బాగుంటుందనుకున్నా గానీ, మొహం మీద ముడతలన్నీ నల్లగా తేలి ఆవిడకి ఇంకో పదేళ్ళు వేసింది. వాన్ గో అన్నదాంట్లో నాకే కళ్ళు తిరిగాయి.

చివరికి నచ్చింది ఆయిలిఫై. అందులో మాస్క్ రేడియస్ మొదట 4 ఉంటుంది. 4 దగ్గర కాస్త మసకేసినట్టుంది తప్ప బొమ్మలా లేదు. 12కి లాగాను. అబ్బ, పెంకులు చూడాలి! ఒక్కో పెంకు బ్రష్షుతో దిద్దినట్టు వచ్చింది. పారిజాతం చెట్టయితే చెప్పక్కర్లేదు. మొహం చూస్తే మాత్రం కళ్ళు లేవు. బొట్టు లేదు, ముక్కుపుడక లేదు. మొహం పూరీ పిండి ముద్దలా ఉంది. రేడియస్ తగ్గిస్తే కళ్ళు వస్తున్నాయి, పెంకుల అందం పోతోంది. రెండూ కావాలంటే ఎలా? ఎవరైనా నాకర్థమయ్యేలా చెప్పండి.

లేయర్ల తమ్ముడు:

అక్కా, ముందు ఆ ఫిల్టర్ ఏం చేస్తుందో చెప్తా, మిగతాది మీకే తెలిసిపోతుంది.

ఆయిలిఫై ఫోటోలో ప్రతి చుక్క (పిక్సెల్) దగ్గరా ఒక చిన్న ఎలక్షన్ పెడుతుంది. ఆ చుక్క చుట్టూ రేడియస్ మేర ఒక గుండ్రం గీసి, అందులో ఏ వెలుగు ఛాయ చుక్కలు ఎక్కువున్నాయో లెక్కపెట్టి, గెలిచిన ఛాయ రంగు ఆ చుక్కకి పూస్తుంది. గోడ, ఆకులు, పెంకులు పెద్దపెద్ద గుంపులు, కాబట్టి గెలుస్తాయి. కన్నంటే నాలుగు నల్ల చుక్కలు. చుట్టూ ఉన్న చర్మం ఓట్ల ముందు దాని డిపాజిట్ గల్లంతు. బొట్టుకీ ముక్కుపుడకకీ అదే గతి. దాని పక్కనే ఎక్స్‌పోనెంట్ అని ఇంకోటి ఉంటుంది, మామూలుగా 8. అది పెంచితే గెలిచినవాడిదే రాజ్యం, అంచులు తెగినట్టు కనిపిస్తాయి. తగ్గిస్తే ఓడిన రంగులు కూడా కొంచెం కలుస్తాయి.

ఇప్పుడు మీ ఫోటో సైజు చెప్పండి. ఇమేజ్ మెనూలో స్కేల్ ఇమేజ్ నొక్కితే కనిపిస్తుంది. చూసి క్యాన్సిల్ కొట్టేయండి. రేడియస్ లెక్క చుక్కల్లో ఉంటుంది కాబట్టి సైజు తెలీకుండా 12 ఎక్కువా తక్కువా అని చెప్పలేం.

షార్ట్‌కట్ 2.0:

ఇంత కష్టం దేనికండీ? ఏఐ యాప్‌లో ఫోటో పెట్టి "ఆయిల్ పెయింటింగ్" అని అడగండి. అరనిమిషం.

పార్శిగుట్ట పిన్ని:

షార్ట్‌కట్ గారూ, అదీ అయింది. మా అక్క కూతురు వాళ్ళ ఫోన్లో చేసి చూపించింది. బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, అందులో ఉన్నది మాత్రం మా ఆంటీ కాదు. ఎవరో సీరియల్లో అత్తగారు. పెంకులు నిన్న వేసినట్టున్నాయి, గోడ మీద పగులు పూడ్చేసింది. ఆ పగుల్లోంచే పదకొండు వానాకాలాలు మా వంటింట్లోకి నీళ్ళొచ్చాయి, అది లేకపోతే ఆ ఇల్లేంటి?

తమ్ముడూ, ఎలక్షన్ ముక్క బాగా ఎక్కింది. సైజు 1600, 1200 అని ఉంది. ఫోన్లోంచి ల్యాప్‌టాప్‌కి వాట్సాప్‌లో పంపుకున్నా.

లేయర్ల తమ్ముడు:

దొరికింది దొంగ. వాట్సాప్ దారిలో ఫోటోని కుదించేస్తుంది అక్కా. 1600 చుక్కల ఫోటోలో ఆంటీ మొహం మహా అయితే 90 చుక్కల వెడల్పుంటుంది, ఒక కన్ను 15. మీరు పెట్టిన రేడియస్ 12 అంటే గుండ్రం ఈ అంచు నుంచి ఆ అంచుకి పాతిక చుక్కలు. కన్నే అందులో మునిగిపోయింది.

ఫోన్లో అసలు ఫోటో ఉందా? ఉంటే ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి తీసుకోండి. 12 మెగాపిక్సెల్ ఫోన్ అయితే 4000 × 3000 ఉంటుంది. కానీ దాని మీద నేరుగా ఫిల్టర్ వేయకండి. 1000 చుక్కల ఫోటోలో రేడియస్ 4 ఎలా కనిపిస్తుందో, 4000 దాంట్లో అలా కనపడాలంటే 16 పెట్టాలి. రేడియస్ 4 గుండ్రంలో సుమారు 50 చుక్కలు, 16లో 800. ప్రతి చుక్కకీ 800 ఓట్లు లెక్కపెట్టాలంటే మీ ల్యాప్‌టాప్ చాయ్ తాగి రమ్మంటుంది. 2000 × 1500కి తగ్గించుకోండి, సరిపోతుంది.

ఆ తర్వాత లేయర్‌ని, అంటే ఫోటో ఉన్న పొరని, రెండుసార్లు డూప్లికేట్ చేయండి, ఒకదాని మీద ఒకటి మొత్తం మూడవుతాయి. అడుగుది అసలు ఫోటో, దాని జోలికి పోవద్దు. మధ్యదానికి రేడియస్ 2. పైదానికి 8. పైదాని మీద రైట్ క్లిక్ చేసి యాడ్ లేయర్ మాస్క్, అందులో వైట్ ఎంచుకోండి. ఇప్పుడు మెత్తటి అంచున్న బ్రష్‌తో, నల్ల రంగుతో, మొహం మీదా గ్లాసు పట్టుకున్న చేతి మీదా పూయండి. నల్ల రంగు కనపడదు. పూసిన చోట పై లేయర్ తొలగి మధ్యది కనిపిస్తుంది. పొరపాటున ఎక్కువ పూస్తే తెల్ల రంగుతో మళ్ళీ పూయండి, తిరిగొస్తుంది.

అడుగున అసలు ఫోటో ఉంది కదా, మధ్యది ఎందుకూ అంటారేమో. చుట్టూ రంగులద్దినట్టుండి మొహం ఒక్కటే ఫోటోలా ఉంటే, పేపర్లోంచి కత్తిరించి అతికించినట్టుంటుంది.

(ల్యాప్‌టాప్ తట్టుకుంటుందనుకుంటే 2025 మార్చిలో వచ్చిన జింప్ 3.0 కూడా ఉంది. అందులో ఫిల్టర్ లేయర్‌కి అంటిపెట్టుకుని ఉంటుంది, రేపు 8ని 6 చేయాలన్నా చేసుకోవచ్చు. 2.10లో ఓకే కొట్టాక వెనక్కి రావడమంటే అన్‌డూ ఒక్కటే.)

మాసాబ్‌ట్యాంక్ బ్రష్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఫైన్ ఆర్ట్స్ చదివినవాణ్ణి, ఈ ఫిల్టర్ల గోల నాకు గిట్టదు. బొమ్మ వేసేవాడు ఏది ఉంచాలో ఏది వదిలేయాలో ముందు తేల్చుకుంటాడు. తోట వైకుంఠం గారి బొమ్మల్లో బొట్టు చూడండి, మొహం మొత్తాన్నీ అది పట్టి నిలబెడుతుంది. మీ ఫిల్టర్ మొట్టమొదట తీసేసింది ఆ బొట్టునే. ఇక్కడ మాసాబ్‌ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ అని ఫైన్ ఆర్ట్స్ నేర్పే యూనివర్సిటీ ఉంది, అక్కడి పిల్లల్లో ఎవరినైనా అడిగితే ఈ ఫోటో చూసి వాటర్ కలర్‌లో వేసిస్తారు.

సరే, మీరు వినరని తెలుసు కాబట్టి ఒక్క మాట. మిట్టమధ్యాహ్నం ఫోటో అన్నారు. కొంగు కిందా చూరు కిందా నీడలు నల్లగా ఉంటాయి. ఫిల్టర్ ఆ నీడల్ని తారు ముద్దలు చేస్తుంది. ఫిల్టర్‌కి ముందే కలర్స్ మెనూలో షాడోస్-హైలైట్స్‌కి వెళ్ళి నీడలు కొంచెం తేల్చండి. నీడలో కూడా రంగుంటుంది, అది పైకి రానివ్వండి. రంగుల గాఢత కూడా కాస్త పెంచండి. మరీ పెంచితే క్యాలెండరు అవుతుంది.

నెగిటివ్ మామ:

అమ్మా, నేను సికింద్రాబాద్‌లో ఒక స్టూడియోలో ముప్పై ఏళ్ళు టచప్ పని చేశాను. బ్రష్ గారికి కోపమెందుకో గానీ, ఫోటో మీద చెయ్యి వేయడం ఈ ఊరికి కొత్త కాదు. రాజా దీన్‌దయాళ్ ఇక్కడ స్టూడియో పెట్టింది 1880ల్లో. కలర్ ఫిల్ము రాక ముందు నలుపు తెలుపు ఫోటో మీద సన్న బ్రష్షుతో చీర అంచుకీ, గాజులకీ, పెదాలకీ రంగులద్దేవాళ్ళు. నా చేతికి వచ్చేసరికి నెగిటివ్ మీద పెన్సిల్ పని. ములుకు సూదిలా చెక్కుకుని, కింద లైటు పెట్టుకుని, మొహం మీద మచ్చలు పూడ్చేవాళ్ళం. మా గురువు ఎప్పుడూ కళ్ళ దగ్గర మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. చెంపలూ నుదురూ అయ్యాక, చెయ్యి కుదిరాక, అప్పుడు కళ్ళు.

నీకొక చిట్కా. కంటి నల్లగుడ్డులో తెల్లటి చుక్క ఒకటుంటుంది, ఎదురుగా ఉన్న వెలుగు అందులో మెరుస్తుంది. ఈ నూనె ఫిల్టర్ రేడియస్ 2లో కూడా దాన్ని తినేస్తుంది. అది పోతే మనిషి నిద్రలో ఉన్నట్టుంటుంది. కళ్ళు ఉన్నాయి కదా, మరి ఏదో లోటుగా ఉందేమిటి అనుకుంటావు, కారణం అదే. అన్నిటికంటే పైన కొత్త లేయర్ ఒకటి పెట్టి, రెండు చుక్కల సైజు బ్రష్‌తో ఒక్కో కంట్లో ఒక్కసారి తాకించు. పాల తెలుపు వద్దు, కొంచెం పసుపు కలిసిన తెలుపు. అసలు ఫోటోలో ఎటువైపుందో చూసుకుని అటే పెట్టాలి. రెండు కళ్ళలోనూ ఒకే వైపు ఉండాలి, లేకపోతే మెల్లకన్ను వస్తుంది.

పార్శిగుట్ట పిన్ని:

బాబాయ్ గారూ, తమ్ముడూ, బ్రష్ గారూ, నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. ఇవ్వాల్సిన బ్లౌజులు రెండు ఆగిపోయాయి, వాళ్ళు ఫోన్లు చేస్తుంటే టెన్షన్‌గా ఉంది, అయినా చెప్తాను.

కేబుల్‌తో తెచ్చుకుంటే నిజంగానే 4000 ఉంది. తెరవగానే ఆంటీ చీర అంచులో జరీ పువ్వులు లెక్కపెట్టొచ్చు. వాట్సాప్ దాంట్లో అక్కడ ఉత్త పసుపు గీత ఉండేది. నీడలు తేల్చేసరికి చూరు కింద వేలాడదీసిన బూడిద గుమ్మడికాయ బయటపడింది. అది అక్కడుందని నేనే మర్చిపోయా.

మాస్క్ అంటే ఏంటో అని భయపడ్డాను. తీరా చూస్తే మా కట్‌వర్క్! పై గుడ్డకి కత్తెరతో కిటికీ కోస్తే కింది లైనింగ్ కనపడుతుంది కదా, అంతే. కాకపోతే ఇక్కడ కోసిన గుడ్డ మళ్ళీ అతుక్కుంటుంది. అది మా పనిలో కూడా ఉంటే ఎంత బాగుండు.

మెత్తటి బ్రష్ అన్నారు కదా, మొదటిసారి గట్టి అంచున్న బ్రష్‌తో పూశాను. ఆంటీ తల చుట్టూ హెల్మెట్ పెట్టినట్టొచ్చింది. తెల్ల రంగుతో చెరిపి మళ్ళీ చేశా. జుట్టు పైభాగం 8 లోనే వదిలేసి, నుదుటి దగ్గర నుంచి 2లోకి దింపాను. ముక్కుపుడక రేడియస్ 2లో కూడా చచ్చిపోయింది, అందుకని ఆ ఒక్క చోట మధ్య లేయర్‌కి కూడా మాస్క్ పెట్టి కింద ఉన్న అసలు ఫోటోని బయటికి తెచ్చాను. కళ్ళలో చుక్కలు పెట్టే ముందు చేతులు కడుక్కుని వచ్చా, ఎందుకో తెలీదు. పెట్టగానే ఆంటీ "ఏమే, గిప్పుడొస్తున్నవా?" అన్నట్టు చూసింది.

ఒకటే లోటు. పెంకులు దూరం నుంచి బాగున్నాయి గానీ దగ్గరికెళ్తే ఒకదానిలోకి ఒకటి కరిగిపోయాయి. గోడ మీద పగులు కూడా సగమే ఉంది. గీతలు వెనక్కి తేవడానికి ఏమైనా ఉందా? ఇంకో సంగతి, ఆ పచ్చ పైపు పాములా కంటికి అడ్డంగా ఉందని, పక్కనున్న భాగాన్ని కాపీ చేసి దాని మీద పూసే క్లోన్ టూల్‌తో ముందే తీసేశా. ఆ టూల్ చూపించింది మా అబ్బాయి, వీడియో కాల్లో.

లేయర్ల తమ్ముడు:

కట్‌వర్క్ పోలిక నేను దొంగిలిస్తున్నా అక్కా, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి చెప్తా.

గీతలకి పెన్సిల్ స్కెచ్ పద్ధతి ఉంది. అడుగున ఉన్న అసలు ఫోటో లేయర్‌ని డూప్లికేట్ చేసి పైకి జరపండి. డీశాచురేట్ చేస్తే నలుపు తెలుపు అవుతుంది. దాన్నే ఇంకోసారి డూప్లికేట్ చేసి, పైదాన్ని ఇన్వర్ట్ చేయండి, నెగిటివ్ అవుతుంది (మామ గారికి సంతోషం). దానికి గాసియన్ బ్లర్ 5 లేదా 6 వేసి, లేయర్ మోడ్‌ని డాడ్జ్ అని మార్చండి. స్క్రీన్ ఒక్కసారిగా తెల్లబడి, పెన్సిల్ గీతలు మిగుల్తాయి. రంగు ఒకేలా ఉన్నచోట ఫోటో, దాని నెగిటివ్ కలిసి తెలుపైపోతాయి. అంచుల దగ్గర బ్లర్ వల్ల లెక్క కుదరదు కాబట్టి అక్కడ నలుపు నిలుస్తుంది. ఈ రెండు లేయర్లనూ మెర్జ్ డౌన్‌తో ఒకటి చేసి, దాని మోడ్‌ని మల్టిప్లై అని పెట్టండి. తెలుపు మాయమై, గీతలు మాత్రం రంగుల మీద పడతాయి. ఒపాసిటీ (లేయర్ ఎంత గట్టిగా కనపడాలో చెప్పేది) 35 దగ్గర ఆపండి. మొహం మీద మాత్రం మాస్క్‌తో తీసేయండి, లేదంటే కార్టూన్ ఫిల్టర్ చేసిన పనే ఇదీ చేస్తుంది.

ప్రింటు సంగతి. మీ ఫోటో 4:3, కాబట్టి 16 × 12 అంగుళాలు అడగండి. 18 × 12 అంటే కత్తిరించేస్తారు. 2000 చుక్కలు 16 అంగుళాలకి అంటే అంగుళానికి 125 వస్తాయి. మామూలు ఫోటోకి తక్కువే, బొమ్మకి పర్లేదు, గోడ మీద ఉండేదాన్ని ఎవరూ ముక్కు ఆనించి చూడరు. కాన్వాస్ గుడ్డ మీద ప్రింటు చేయిస్తే అప్లై కాన్వాస్ ఫిల్టర్ వేయొద్దు, గుడ్డ మీద గుడ్డ బొమ్మ పడుతుంది. పని మొత్తం సేవ్ కొట్టి ఎక్స్‌సీఎఫ్ ఫైలుగా (జింప్ సొంత ఫైలు, లేయర్లన్నీ విడివిడిగా ఉంటాయి) ఉంచుకోండి, షాపుకి మాత్రం ఎక్స్‌పోర్ట్ చేసిన జేపెగ్ ఇవ్వండి.

మాసాబ్‌ట్యాంక్ బ్రష్:

బొమ్మ పెట్టండి, చూస్తాను. గుమ్మడికాయ బయటపడిందన్నారు చూడండి, ఆ మాట నచ్చింది.

పార్శిగుట్ట పిన్ని:

గృహప్రవేశం అయింది. ఆంటీ ఫోటో కదా, ఇక్కడ పెట్టలేను బ్రష్ గారూ, ఆవిడని అడగలేదు.

ప్రింటు షాపులో చిన్న రభస. నేను 16 × 12 అని చీటీ మీద రాసిచ్చినా, రెడీగా ఉన్న ఫ్రేము 18 × 12 అని దానికి సరిపడా పైనా కిందా కోసి స్క్రీన్ మీద పెట్టాడు. పైన పెంకులు సగం పోయాయి, కింద ఆంటీ కాళ్ళు పోయాయి. మెషీన్‌లోకి వెళ్ళకముందే చూశా కాబట్టి సరిపోయింది. జాకెట్టుకి కొలత తప్పు రాస్తే నేనైతే ఊరుకుంటానా అని గట్టిగా అడిగితే 16 × 12 తీసిచ్చాడు. కాన్వాస్ గుడ్డ మీదే చేయించా. గీతలు 35 దగ్గర స్క్రీన్ మీద ఎక్కువ అనిపించి 25కి తగ్గించాను. గుడ్డ మీద పడ్డాక తెలిసింది, తమ్ముడు చెప్పిందే కరెక్టు.

సత్యనారాయణ వ్రతం అయ్యాక ఆంటీ విప్పి చూసింది. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నాకు చెమటలు పట్టాయి. తర్వాత పగులు మీద వేలు పెట్టి కిటికీ దాకా గీసుకుంటూ పోయింది. "ఎవరు గీసిన్రు?" అంది. నేనే, కంప్యూటర్‌లో అంటే నమ్మలేదు. పెద్దకొడుకు వచ్చి తనకొకటి, అమెరికాలో ఉన్న తమ్ముడికొకటి కావాలన్నాడు.

మళ్ళీ బొమ్మ దగ్గరికెళ్ళి అటూ ఇటూ చూసి ఆంటీ అడిగిన మాట: "నా పైపేది?"

నాకు మాట రాలేదు. తీసేశానని చెప్పా. "తీసేసినవా! పొద్దుగాల ఐదింటికి లేసి ఆ పైపు పట్టుకుని ముప్పై రెండేండ్లు నీళ్ళు నింపిన" అంది. కోపం కాదు, కానీ ఆ తర్వాత భోజనాల దగ్గర కూడా రెండుసార్లు పైపు ఊసు ఎత్తింది. కొడుకులకి చేసేవాటిలో పైపు ఉండాలట. తనదాన్ని కూడా మార్చిస్తే బాగుండునని మొహం చూస్తే తెలుస్తోంది.

తమ్ముడూ, ఎక్స్‌సీఎఫ్ ఉంది. కానీ పైపు తీశాకే లేయర్లు చేశా కదా. మొత్తం మళ్ళీ మొదటి నుంచి చేయాలా?

లేయర్ల తమ్ముడు:

అక్కర్లేదు. ఫోన్లోంచి తెచ్చిన 4000 ఫోటో అలాగే ఉంది కదా, దాన్ని విడిగా తెరిచి 2000కి తగ్గించి, నీడలు, రంగులు మొదట ఎంత పెట్టారో అంతే పెట్టి, ఆయిలిఫై 8 వేయండి. దాన్ని కాపీ చేసి మీ ఎక్స్‌సీఎఫ్‌లో గీతల లేయర్‌కి కింద కొత్త లేయర్‌గా పేస్ట్ చేయండి. ఈసారి మాస్క్ బ్లాక్ ఎంచుకోండి, లేయరంతా దాక్కుంటుంది. పైపు ఉన్న దారి వెంట తెల్ల రంగుతో పూసుకుంటూ వెళ్ళండి. పైపుకి గీతలు ఉండవు, కావాలంటే ముదురు పచ్చతో ఒక సన్న గీత చేత్తో లాగండి.

పార్శిగుట్ట పిన్ని:

చేత్తోనే లాగుతా. రేపు ఇవ్వాల్సిన బ్లౌజులు నాలుగున్నాయి, ఎల్లుండి కూర్చుంటాను. బాబాయ్ గారూ, తడి పైపు మీద కూడా మెరుపు చుక్క పెట్టాలా?

నెగిటివ్ మామ:

చుక్క కాదమ్మా, పైపు పొడుగునా ఒక వెంట్రుకంత తెల్ల గీత. ఎండ ఎటు నుంచి పడిందో అటువైపు.